మీకు తెలుసా? కొటేషన్ కాగితంలో చివరి అక్షరం

మా ఇంట్లో టేబుల్ కింద ఉండే నల్ల పెట్టెను అందరూ సీపీయూ అనే అంటారు. "సీపీయూకి ఎంత దుమ్ము పట్టిందో చూడండి" అంటుంది మా ఆవిడ. రిపేరుకు తెస్తామని ఫోన్ చేస్తే షాపు కుర్రాడు కూడా "మానిటర్ అక్కర్లేదు సార్, సీపీయూ ఒక్కటి పట్రండి" అంటాడు.

సంక్రాంతి సెలవుల్లో ఖమ్మం నుంచి మా మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. "మామయ్యా, ల్యాప్‌టాప్ వద్దు. అసెంబుల్డ్ పీసీ చేయిద్దాం. మానిటర్ కాకుండా 45 వేలు, అంతకు మించి నాన్న ఇవ్వడు" అన్నాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, రెండ్రోజులు మెట్లెక్కి దిగాం. ఏ షాపుకెళ్లినా కూర్చునే లోపే ఒక కొటేషన్ కాగితం చేతిలో పెడతారు. ఆ కాగితాల వెనక నేను గీసుకున్నవీ, ఎప్పటినుంచో తెలిసినవీ కలిపి ఇవి. వరస సరిగ్గా లేకపోతే సర్దుకోండి.

● అసలు సీపీయూ అరచేతిలో పెడితే ఒక మూలకే సరిపోతుంది. ఏఎండీ వాళ్ల ఏఎం4 రకం రైజెన్ ప్రాసెసర్ 4 సెంటీమీటర్ల చదరం. దాని లోహపు మూత కింద, రైజెన్ 5 5600 లాంటి వాటిలో, లెక్కలు చేసే సిలికాన్ ముక్క సుమారు 80 చదరపు మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత. దాని పక్కనే ర్యామ్‌తోనూ మిగతా భాగాలతోనూ మాట్లాడే మరో ముక్క ఉంటుంది. ఇలాంటి చాలా రైజెన్‌ల మూత మీద సన్నక్షరాలు చదివితే ఒక ముక్క అమెరికాలో, ఒక ముక్క తైవాన్‌లో తయారై, మలేసియాలోనో చైనాలోనో కూర్పు జరిగినట్టు రాసి ఉంటుంది. ఇంతా చేసి ఇంటెల్‌కీ, ఏఎండీకీ, మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్‌కీ ఇంజనీరింగ్ ఆఫీసులు సీటీసీ ఉన్న మన ఊళ్లోనే ఉన్నాయి.

● ఐ5 అన్న మాట ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. మొదటి షాపులో ఇచ్చిన కాగితం ఇలా ఉంది: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, అన్నీ కలిపి 15 వేలు. మావాడి కళ్లు మెరిశాయి. ఐ5 తర్వాత అంకె ఏమిటని అడిగితే "ఐ5 అంటే ఐ5 సార్, అంతే" అన్నారు. తీసి చూపించమంటే తీశారు. మూత మీద 2400 అని ఉంది. అది 2011 జనవరిలో వచ్చిన రెండో తరం ప్రాసెసర్. బోర్డు హెచ్61, ర్యామ్ డీడీఆర్3. బోర్డు మాత్రం కొత్తది, ఇంకా కవరు కూడా విప్పలేదు! పాత ప్రాసెసర్లకు సరిపడే కొత్త బోర్డులు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.

రైలు టికెట్ మీద ఏసీ టూ టైర్ అని మాత్రమే రాసి, ఏ రైలో రాయకపోతే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ఐ5-12400లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం. 2400లో మొదటి అంకె 2, రెండో తరం. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100కి 4 కోర్లు, 8 త్రెడ్లు. 2017లో గేమ్‌లాడేవాళ్లు కలలుగన్న ఐ7-7700కేకీ సరిగ్గా అన్నే. ఆ ఐ7 కన్నా ఈ ఐ3 వేగం.

గిగాహెర్ట్జ్ చూసి కొనేద్దామన్నా కుదరదు. ఐ5-2400కి 3.1, ఐ3-12100కి 3.3. కాగితం మీద పిసరంత తేడా. కానీ ఒక్కో టిక్కుకి కొత్తది చేసే పని ఎక్కువ, అవసరమైతే 4.3 దాకా పరిగెడుతుంది కూడా. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 వరస నుంచే అధికారిక జాబితా మొదలవుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ 15 వేల పీసీలో విండోస్ 11 వేసే ఇస్తామన్నారు. ఎలా వేస్తారో మావాడికి యూట్యూబ్ పుణ్యమా అని తెలుసు. నవ్వి ఊరుకున్నాడు.

● పెంటియం అన్న పేరు పుట్టింది కోర్టు దెబ్బకి. 386, 486 అంటూ అంకెలతోనే సాగుతున్న ఇంటెల్‌కి, 386 అన్న అంకె మీద హక్కు లేదని 1991లో అమెరికా కోర్టు చెప్పింది. అంకెను ఎవరైనా వాడుకోవచ్చు. దాంతో 586 అని పిలవాల్సినదానికి గ్రీకులో అయిదు అనే మాటలోంచి పేరు తీసి పెంటియం అన్నారు. అది 1993లో వచ్చింది. గ్రీకుల పెంటె, సంస్కృతం నుంచి మనకొచ్చిన పంచ, రెండూ ఒక తల్లి పిల్లలే. ఆ పెంటియం పనిని నడిపించిన వినోద్ ధామ్ పుణేలో పుట్టినవాడు. తర్వాత ఆయన పోటీ శిబిరంలో చేరి ఏఎండీ కే6 మీద పనిచేశాడు. ఆ కే6 పెంటియం బోర్డులోనే సరిపోయేది. ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు. 1997లో ఇంటెల్ పెంటియం 2కి వేరే స్లాట్ పెట్టుకునే దాకా రెండు కంపెనీల చిప్‌లూ ఒకే సాకెట్‌లో కూర్చునేవి.

● ఆ పోటీ కంపెనీకి ఈ విద్య అందడానికి కారణం ఐబీఎం. 1981లో తన తొలి పీసీకి ఇంటెల్ 8088 తీసుకున్న ఐబీఎం, ఒకే కంపెనీ మీద ఆధారపడటానికి ఒప్పుకోలేదు. రెండో తయారీదారు ఉండాలంది. అలా ఏఎండీకి లైసెన్సు దక్కింది. 2003లో లెక్క తిరగబడింది. ఇప్పుడు మనం వాడే 64 బిట్ల పద్ధతిని ముందు తెచ్చింది ఏఎండీ, దాన్ని అందుకున్నది ఇంటెల్. ఉబుంటు డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైలు పేరులో ఏఎండీ64 అని ఉంటుంది. మీది ఇంటెల్ మెషిన్ అయినా అదే ఫైలు. మావాడు ఒకసారి అది తనది కాదనుకుని గంటసేపు వేరే ఫైలు వెతికాడట.

● ఒకే చిప్‌ని రెండు ధరలకు అమ్మడం నిన్న మొన్నటి తెలివి కాదు. 1991లో ఇంటెల్ 486ఎస్ఎక్స్ అని తక్కువ ధరలో ఒకటి దింపింది. దశాంశాల లెక్కలు చేసే భాగం అందులో పనిచేయదు. తొలినాళ్లలో ఆ భాగం చిప్‌లో ఉండేది, ఆపేసి ఇచ్చేవారు. తర్వాత ఆ లెక్కలు కావాలనుకున్నవాడు 487ఎస్ఎక్స్ అనే తోడు చిప్ కొనుక్కుని పక్క సాకెట్‌లో పెట్టుకోవాలి. తమాషా ఏమిటంటే ఆ 487 తోడు కాదు, ఒక అదనపు పిన్ను తగిలించిన పూర్తి 486. అది కూర్చోగానే పాత చిప్‌ని నిద్రపుచ్చి పనంతా తనే చేసేది. డబ్బులిచ్చి కొన్న మొదటి చిప్ బోర్డు మీద ఊరికే కూర్చునేది.

ఇప్పటి రైజెన్ 5 5600లో ఉన్నదీ 8 కోర్ల ముక్కే. రెండు ఆపి 6 కోర్లని అమ్ముతారు. ఇందులో మోసమేం లేదు. సిలికాన్ పళ్లెం మీద చిప్‌లన్నీ సమానంగా పండవు. ఒకటి రెండు కోర్లు చెడినదాన్ని పారేయకుండా కింది తరగతిలో అమ్మితేనే మనలాంటి 45 వేలవాళ్లకు గిట్టుబాటు.

● ఇక ఆ చివరి అక్షరం. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే బొమ్మ చూపించే భాగం ఆపేసి ఉంటుంది. ఐ3-12100, ఐ3-12100ఎఫ్ పక్కపక్కన పెడితే ఎఫ్ చవక. గ్రాఫిక్ కార్డు లేకుండా దాన్ని కొంటే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. రెండో షాపులో సరిగ్గా ఇదే కాంబినేషన్ రాసిచ్చారు. గ్రాఫిక్ కార్డేదని అడిగితే "అది తర్వాత వేసుకోవచ్చు సార్" అన్నారు.

ఏఎం4 రైజెన్లలో పద్ధతి తలకిందులు. అక్కడ జీ అక్షరం లేకపోతేనే బొమ్మ రాదు, చివర జీ ఉంటే వస్తుంది. 5600జీ తీసుకుంటే చిన్నాచితకా గేమ్‌లు కూడా దానిమీదే నడుస్తాయి. కానీ జీకి కూడా ఒక వెలితి ఉంది: లోపలి కేష్ 5600లో 32 ఎంబీ, 5600జీలో 16. కార్డు స్లాట్ వేగం కూడా ఒక తరం వెనక. రైజెన్ 5 5500 అయితే మరీ మాయ. పేరు 5600 తమ్ముడిలా ఉంటుంది, లోపల ఉన్నది 5600జీ జాతి చిప్, బొమ్మ భాగం ఆపేసి. కొత్త ఏఎం5లో మళ్లీ లెక్క మారింది. అక్కడ ఎఫ్ లేని 7000 వరసలన్నిటికీ తెర వెలిగేంత గ్రాఫిక్స్ ఉంది.

నా మట్టుకు నా లెక్క ఇది: వచ్చే రెండేళ్లలో గ్రాఫిక్ కార్డు కొనే స్థోమత లేదనుకుంటే జీ. ఆరు నెలల్లో కొంటామనుకుంటే జీ వద్దు. టాలీ, బ్రౌజింగ్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకైతే ఎఫ్ లేని ఐ3-12100 చాలు, అంతకు మించి ఖర్చు దండగ. మావాడు జీ తీసుకున్నాడు.

● సాకెట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. ఇంటెల్ ఆరో, ఏడో తరాలకు ఎల్‌జీఏ 1151 సాకెట్. 2017లో వచ్చిన ఎనిమిదో తరానికీ అదే పేరు, అన్నే కాంటాక్టులు. ఎనిమిదో తరం చిప్ పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కంప్యూటర్ మాత్రం లేవదు. సెకండ్ హ్యాండ్‌లో బోర్డు ఒకచోట, ప్రాసెసర్ ఒకచోట కొనేవాళ్లు జాగ్రత్త.

ఏఎం4 ఇందుకు విరుద్ధం. 2016లో మొదలైన సాకెట్‌కి 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. అయితే పాత బీ450 బోర్డు మీద 5000 వరస చిప్ పెట్టాలంటే ముందు బయోస్ అప్‌డేట్ అయి ఉండాలి. కొనేచోటే చేయించి, లేచిందని చూశాకే డబ్బులివ్వండి.

● డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే. తేడా మధ్యలో ఉండే చిన్న కోతలో ఉంటుంది. అది కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది కాబట్టే ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగట్లేదని బొటనవేలితో బలంగా నొక్కేవాళ్లను చూశాను.

ర్యామ్ విషయంలో ఇంకొకటి: 16 జీబీ ఒకే కర్రగా కాకుండా 8, 8గా రెండు కర్రలు తీసుకోవాలి. డీడీఆర్4-3200 ఒక్క కర్ర సెకనుకు 25.6 జీబీ మోస్తుంది. జంటగా పెడితే 51.2. జీ రకం ప్రాసెసర్‌కి సొంత గ్రాఫిక్ మెమరీ ఉండదు, బొమ్మకి కావలసిందంతా ఈ ర్యామ్ నుంచే అరువు తెచ్చుకుంటుంది. అంచేత ఒక్క కర్రతో గేమ్ నత్తనడక నడుస్తుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగులో పెట్టడం మామూలు పద్ధతి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. చేయకపోతే చాలా 3200 కర్రలు తక్కువ వేగంతో నడుస్తూనే ఉంటాయి, ఎవరూ చెప్పరు. అన్నిటికన్నా మావాడికి ఎక్కువ బాధ కలిగించింది ర్యామ్ రేటు. 2025 చివర్లో మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లకు చిప్‌లు తరలిపోవడమే దానికి ముఖ్య కారణం. 32 జీబీ రాసుకొచ్చినవాడు 16కి దిగాడు.

● జీటీ 1030 పేరుతో రెండు కార్డులున్నాయి. ఒకదానిమీద జీడీడీఆర్5 మెమరీ, సెకనుకు 48 జీబీ. 2018లో వచ్చిన రెండోదానిమీద మామూలు డీడీఆర్4, 16.8 జీబీ. మూడో వంతు! డబ్బా మీద పెద్దక్షరాల్లో రెండింటికీ ఒకటే పేరు.

● ఎం.2 అన్నది వేగం పేరు కాదు, ఆకారం పేరు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. ఆ ఆకారంలో సాటా ఎస్ఎస్‌డీలూ ఉంటాయి, ఎన్‌వీఎంఈవీ ఉంటాయి. సాటా ఎంత మంచిదైనా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈలో మూడో తరందే 3,500 దాకా పోతుంది. మామూలు వాడకంలో కంటికి తేడా తెలియదనుకోండి. ఇంకా, 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీయే కనిపిస్తుంది. మిగతాది షాపువాడు కొట్టేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో.

● ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లు అని ఉంటే అది 65 దగ్గర ఆగదు. ఐ5-12400 గట్టిగా పనిచేస్తే 117 దాకా, 65 వాట్ల ఏఎం4 రైజెన్లు 88 దాకా లాగుతాయి. అయినా గ్రాఫిక్ కార్డు లేని పీసీ మొత్తం కలిపి 200 వాట్లు దాటడం అరుదు. మరి పీసీకి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ 500 వాట్లది ఎందుకు? కేబినెట్‌తో ఉచితంగా వచ్చేవాటి మీద ఆ 500 రాత మాత్రమే. పక్కన అంటించిన స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూసి, దాని కింది ఆంపియర్లను 12తో గుణించండి. 20 ఉంటే 240 వాట్లు. నిజం దాదాపు అదే. పీసీలో పెద్ద ఖర్చంతా ఆ 12 వోల్టుల తీగల మీదే. బడ్జెట్ పీసీలో నేను పట్టుబట్టి ఎక్కువ పెట్టించేది దీనిమీదే. ఇది పేలితే ఒంటరిగా పోదు, బోర్డుని వెంట తీసుకుపోతుంది. యూపీఎస్‌లోనూ ఇదే తిరకాసు. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే.

● 1998లో 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ చవకలో అందరూ చూసిన వింత. బోర్డు వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే అది 450కి ఎగబాకేది. చాలా చిప్‌లు కిక్కురుమనకుండా ఒప్పుకునేవి. అప్పటి ఖరీదైన పెంటియం 2తో సమానంగా పరిగెత్తిన ఆ చిప్ ధర 149 డాలర్లు. ఇప్పుడు ఇంటెల్ చవక చిప్‌లలో ఆ తలుపుకి తాళం వేసేశారు.

● ఏఎం4 ప్రాసెసర్‌కి అడుగున 1,331 పిన్నులు. లెక్క నాకెందుకు గుర్తుందంటే, మా ఇంట్లో పాత రైజెన్ కూలర్‌ని మావాడు అలా నిటారుగా పైకి లాగాడు. సాకెట్ లీవర్ మూసే ఉంది. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ బంకలా పట్టుకుని ప్రాసెసర్ కూలర్‌తో పాటే ఊడి వచ్చింది. తిప్పి చూస్తే ఒక మూలన వరసగా ఆరు పిన్నులు గాలికి పడుకున్న వరికంకుల్లా ఒరిగాయి. ములుకు తీసేసిన పెన్ పెన్సిల్ గొట్టంలోకి ఒక్కో పిన్నునీ దూర్చి, ఊపిరి బిగబట్టి, నిలబెట్టాం. ముప్పావుగంట పట్టింది. బతికింది. అసలైతే ముందు పది నిమిషాలు మెషిన్ నడిపి పేస్ట్ వేడెక్కాక ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పి తీయాలి. ఇంటెల్‌లోనూ ఏఎం5లోనూ పిన్నులు బోర్డు మీద ఉంటాయి, వంగితే బోర్డు పోయినట్టే.

● డబ్బా లేకుండా వచ్చేదాన్ని ట్రే ప్రాసెసర్ అంటారు. డబ్బాతో కొన్నదానికి ఇంటెల్ అయినా ఏఎండీ అయినా కంపెనీ వారంటీ 3 ఏళ్లు. ట్రేకి షాపువాడి మాటే వారంటీ. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపెడతారు. 10 వేల వస్తువు మీద 1,800. బిల్లు తీసుకున్నాం.

● రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పీసీ లేచింది. మావాడు వెనకాల స్క్రూ బిగించబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మామయ్యా, జుమ్మంటోంది!" కొత్త ఎస్ఎంపీఎస్ పాడైందని మొహం మాడ్చుకున్నాడు. అది పాడవలేదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండుంటాయి. ఒకటి ఫేజ్ నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి కేబినెట్ రేకుకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే అందులోంచి వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ, అంటే దాదాపు 115, నిలబడిపోతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి జుమ్మని ఊరుకుంటుంది. అయితే అదే రేకుకి మానిటర్ కేబులూ, పెన్‌డ్రైవ్ పోర్టులూ కలిసి ఉంటాయి.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పాడు. మూడు రంధ్రాల సాకెట్ ఉంది, పై రంధ్రానికి పచ్చ తీగ లేదు. లోపల గోడలో మాత్రం పచ్చ తీగ కొస ఒకటి టేపు చుట్టి మడిచి పెట్టి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అక్కడే ఉందన్నమాట. టేపు విప్పి కలిపి, టెస్టర్ పెట్టి చూసి, 200 తీసుకున్నాడు. మావాడు కొటేషన్ కాగితంలో అట్టడుగున ఒక గీత గీసి అదీ రాసుకున్నాడు.